సెగ తెల్వని కాళ్లు

ఆ దుప్పటి లేపకు బావ. చూసింది చాలు. పొద్దటి సంది వచ్చినోడల్ల పెండ్లిపిల్ల ముసుగు తీసినట్టు నా కాలి మీది దుప్పటి లేపుడే. చూసుడు, ముక్కు మూసుకునుడు, అయ్యో అనుడు, అరటిపండ్లు పెట్టి పోవుడు. షుగర్ ఉన్నోనికి అరటిపండ్లు తెచ్చేటోనికి మతి లేదనుకోవాల్నా, నామీద పాత పగ ఉన్నదనుకోవాల్నా?

నువ్వు ఉత్త చేతులతోని వచ్చినవ్. నువ్వే నయం.

కూసో. గా కుర్చీ వద్దు, దాని కాలు సుత నా కాలు లెక్కనే ఉన్నది. గీ బల్ల మీద కూసో, నా పక్కన. లోపల వార్డుల ఉక్కపోత, మందుల వాసన. సిస్టర్ రేణుకతోని కొట్లాడి గీ చక్రాల కుర్చీని వరండాలకు తోయించుకున్న. ఇంకొంచెం సేపటికి లోపలికి తీస్కపోతరట. కుడి పాదం చీలమండ కాడికి తీసేస్తరట. ముందుగాల బొటనవేలు తీసిన్రు, గింతతోని అయిపోయింది పో తాతా అన్నరు. ఇప్పుడు పాదం అంటున్నరు. ఇగ రేపు ఏమంటరో.

మా పోరడు దేవేందర్ గాడు చాయ్ తెస్తనని సాగర్ రోడ్డు దాటి పోయిండు. వాడు తిరిగొచ్చే లోపల నీతోని ఒక పనున్నది. మత్తుసూది ఇచ్చినంక నా నోరు నా మాట వినదు. జర అడ్డం రాకుంట విను. అడ్డమొస్తే నాకు కథ తప్పుతది, నీకు తెల్సు గద.

ఏంది నవ్వుతున్నవ్? కథ అన్ననా? అలవాటు బావ. గిది కథ కాదు.

గీ కాళ్లు ఎసొంటి కాళ్లు. మా అక్కను నీకిచ్చినకాడి సంది చూస్తున్నవ్, నీకు నేను చెప్పాల్నా? యాచారం సంది ఇబ్రహీంపట్నం దాక సెవెన్ సీటర్ నడిపినప్పుడు, బ్రేకు ఫెయిలైతే ఉత్త హారన్ కొట్టి బండి ఆపినోణ్ణి. ఒకపారి ఇరవై రెండు మందిని ఎక్కిచ్చిన, మీదికెళ్లి రెండు మేకలు. సరే, పదహారు మంది. మేకలైతే రెండే, దాంట్ల అబద్ధం లేదు. బ్రేకు మీద కాలు పెడితే టైరు కింద గులకరాయి పడ్డా నా అరికాలికి తెలిసేది. రోడ్డు నాతోని మాట్లాడేది బావ.

ఒకనాడు ఆ రోడ్డు మాటలు బందు పెట్టింది. బ్రేకు తొక్కితే తొక్కినట్టే లేదు, దూది మీద కాలేసినట్టున్నది. మెకానిక్ వికాస్ గాణ్ణి స్టాండు నడిమిట్ల నిలబెట్టి తిట్టిన. బ్రేకు చేసినవా, బొంత కుట్టినవా అన్న. వాడు బండి కిందికి దూరి, చూసి, లేచి చేతులు తుడుసుకొని, 'బండి మంచిగున్నది తాతా, నీ కాలే మెత్తబడ్డది' అన్నడు. స్టాండంత నవ్వింది. నేను గూడ నవ్విన. నవ్వి బండి అమ్మేసిన. ఏమని చెప్పిన ఊర్ల? గీ బండ్లు నా కాలి బరువు మోస్తలేవు, ఇగ నడపనని చెప్పిన. నువ్వు సుత నమ్మినవ్.

అటెన్క చెప్పు సంగతి. అంగడి నాడు ఒక్క చెప్పుతోని అంగడంత తిరిగిన. బెల్లం దుకాణం కాడ మా ఇంటామె నీలమ్మ చూసి, 'ఓ మనిషి, రెండో చెప్పేది?' అన్నది. కిందికి చూసిన. ఎడమ కాలు బోడిది. యాడ జారిందో నాకు సోయి లేదు. ఎండకాలం, కింద తారు కాగుతున్నది, నాకు ఏం తెల్వలేదు. చుట్టు మనుషులున్నరు, అందరు నా నోటి దిక్కు చూస్తున్నరు. ఏమనాలె? దానం చేసిన అన్న. ఒంటికాలోడు కనబడితే వానికో చెప్పిచ్చిన అన్న. శభాష్ అన్నరు బావ. బెల్లం దుకాణపాయన ఊరికెనే ఇంత బెల్లం చేతిల పెట్టిండు. నేను తిన్న.

గా ఒంటికాలోడు ఎవడో ఇప్పుడు తెలిసింది. నేనే. దానం నాకే చేసుకున్న.

అసలు గీ రోగమేందో నీకు ఎవడన్న తీరుగ చెప్పిండా? నేను చెప్త. సాయిశ్రీ డాక్టరమ్మ చెప్పిందే, గని నేను ఇంకా మంచిగ చెప్త. మనం ఏది తిన్నా ఆఖరికి చక్కెరయితది. అన్నమైనా, జొన్నరొట్టెయినా. గా చక్కెర నెత్తుట్ల తిరుగుతది, సాగర్ రోడ్డు మీద ప్యాసింజర్ల లెక్క. ఒంట్లె కండ కండకు ఇండ్లున్నయి, ఇండ్లకు తలుపులున్నయి. తలుపు ఊకె తీయరు. కడుపెన్క క్లోమం అని ఒకటున్నది, గది ఇన్సులిన్ అని తాళంచెవి పంపుతది. తాళం తీస్తే చక్కెర ఇంట్లకు పోయి పొయ్యిల కట్టె అయితది, మనకు బలమైతది. రోడ్డు మీద ప్యాసింజర్లు తక్కువైన్రనుకో, కార్జం ఉన్నది గద, లివర్ అంటరే, మనం ఆదివారం వేపుకొని తినే కార్జం, మన లోపల గూడ ఒకటున్నది. గది దాచిపెట్టుకున్న చక్కెర తీసి రోడ్డు మీదికి ఇడుస్తది. ఒగలు లోపలికి పంపుడు, ఒగలు బయటికి ఇడుసుడు. మంచిగున్నోని ఒంట్లె గీ పంచాయితి మనిషికి తెల్వకుంటనే తెగుతుంటది. నీ ఒంట్లె ఇప్పుడు గూడ తెగుతున్నది, నువ్వు బీడీ కోసం జేబు తడుముకుంటుంటె.

దవాఖానల బీడీ తాగనియ్యరు. లోపల పెట్టు.

నా ఒంట్లె తలుపులకు తుప్పు పట్టింది. తాళంచెవి పెడితే తిరుగలే. క్లోమం పాపం ఇంకా ఇంకా తాళంచెవులు పంపింది, పంపి పంపి అదే అలిసింది. ఇండ్లల్ల ఆకలి, రోడ్డు మీద జాతర. అందుకే నేను కుండెడు తిన్నా ఊపిరి లేనట్టు కూసునుడు. నేనేమో ముసలితనం అనుకున్న. మరి ఊర్ల ఏమని చెప్పిన? ధ్యానం చేస్తున్న అని చెప్పిన.

డాక్టరమ్మను నేను ఇడిసిపెట్టలే. లాయర్ లెక్క అడిగిన. రాత్రి ఏం తినలే, పొద్దున నీళ్లు తప్ప ముట్టలే, మరి షుగర్ ఎట్లెక్కింది చెప్పు అన్న. 'నీ కార్జమే తాతా' అన్నది. ఇండ్లల్ల ఆకలున్నదని దానికి కబురు పోతదట, రోడ్డు నిండిన సంగతి దానికి తెల్వదట, ఉన్నదంత తీసి ఇంకా ఇడుస్తదట. ఇగ చెప్పు బావ. బయటోడు మోసం చేస్తే ఠాణా ఉన్నది. సొంత కార్జం మోసం చేస్తే యాడికి పోవాలె?

ఇంకోపారి పరీక్ష ఉన్నదంటే ముందుగాల్నే ఉత్త మజ్జిగ మీద ఉన్న. షుగర్ దిగింది. మీసం తిప్పిన. ఆమె ఇంకో పరీక్ష చేసింది, మూడు నెలల పరీక్షట. నెత్తుటి కణాలకు చక్కెర అంటుకొని ఉంటదట, గది చూస్తే మూడు నెలల సంది మనమేం తిన్నమో బయటపడ్తదట. ఊరంత నా మాట నమ్మింది బావ. నా నెత్తురే నామీద సాక్ష్యం చెప్పింది.

గట్ల రోడ్డు మీద నిలబడ్డ చక్కెర ఊకుంటదా? నరాలను తింటదట, చెద కట్టెను తిన్నట్టు, సప్పుడు లేకుంట. ఎక్కువ దూరమున్న నరాలు ముందుగాల పోతయట. అంటే కాళ్లయి. వేలు తీసినప్పుడు డాక్టరమ్మ ప్లాస్టిక్ దారం అసొంటిది ఒకటి చేతిల పట్టుకొని, 'కండ్లు మూసుకో తాతా, కాలికి తగిలినప్పుడల్ల ఆఁ అను' అన్నది. నేను ఓడిపోతనా? లోపల లెక్క పెట్టుకుంట ఆఁ అన్న, జరసేపాగి మళ్ల ఆఁ అన్న. బరాబరి పాస్ అయిన అనుకొని కండ్లు తెరిస్తే, ఆమె బల్ల కాడ కూసొని ఏందో రాస్తున్నది. 'ఇంకా మొదలుపెట్టలే తాతా' అన్నది.

నవ్వు. దీనికి నవ్వు, పర్వాలేదు. ఇగ చెప్పేదానికి నువ్వు నవ్వవు.

పీర్ల కాడికి వద్దాం.

మొహర్రం నెల పొడవంగనే పీర్లను లేపుడు, గుండానికి గుద్దలి వేసుడు, నిప్పులు రగిలిచ్చుడు, మా తాత నాటి సంది చూస్తున్నం. చిన్న పీరు, గా పట్టుబట్టలు కట్టిన పంజా, మా ఇంటోళ్లదే. తాత ఎత్తిండు, మా బాపు ఎత్తిండు, నేనెత్తిన. గుండంల ఎవడైనా ఉరుకుడే. నేను సుత ఉరికినోణ్ణే. సెగ అరికాలికి తగిలి తొడల దాక ఎక్కుతుండె, పండ్లు కొరుక్కొని ఉరికేటోణ్ణి. ఒడ్డుకొచ్చి ఏమనేటోణ్ణి? మల్లెపూల మీద నడిసినట్టున్నది అనేటోణ్ణి. అబద్ధమే. పండుగ అబద్ధం. గుండం తొక్కినోళ్లందరు చెప్పేదే, నేను జర పెంచి చెప్పిన.

పోయినేడు గా అబద్ధం నిజమైంది.

పీరెత్తి కాలు పెట్టిన. సెగ లేదు. ఇంకో అడుగేసిన. లేదు బావ. కింద కణకణ నిప్పులు, నా కాళ్లకు దూది. ఏండ్ల సంది నోటితోని చెప్పుకుంట వచ్చిన మాట ఒక్కపారి కాళ్ల కిందికి వస్తే ఎట్లుంటది చెప్పు. నా ఒళ్లు జలదరిచ్చింది. పీరు నన్ను మెచ్చిందనుకున్న. ఉరుకుడు ఆపిన, నడిసిన. నడుసుడు ఆపిన, నడిమిట్ల నిలబడ్డ. డప్పులు ఆగినయి. 'అంజిలయ్య మీదికి పీరొచ్చింది' అని ఆడోళ్లు కొంగులు పరిచి మొక్కిన్రు. గంత మంది ఒక్కపారి సప్పుడు లేకుంట నా దిక్కే చూసుడు, నా జన్మల గంత తీపి నేను ఎన్నడు తినలే.

అప్పుడు ఒడ్డు మీద నువ్వు కనబడ్డవ్. రా బావ అన్న. చల్లగున్నది, మనసు సాఫ్ ఉన్నోనికి ఏం కాదు, ఉరుకకు, నాలెక్క మెల్లగ రా అన్న.

నువ్వు వచ్చినవ్. నన్ను నమ్మి మెల్లగ వచ్చినవ్. రెండడుగులకే ఎగిరి అవతల పడ్డవ్, ధోతి ఎత్తుకొని కుంటుకుంట ఉరికినవ్. జనమంత గొల్లుమన్నరు. నేనన్న మాట నీకు యాదుంటది. నారయ్య మనసుల మైలున్నది, అందుకే పీరు తరిమింది అన్న. గా మాట ఊర్ల ఇంకా తిరుగుతున్నది. మా అక్క సుత నీతోని కొన్ని దినాలు సక్కగ మాట్లాడలేదట గద.

తల దించుకోకు. నీ కాళ్లకు ప్రాణమున్నది, అందుకే కాలినయని తెలిసింది. గంతే. మైల లేదు, ఏం లేదు.

పీరును ఏమనకు. పీరు ఏం చేసింది పాపం? గుండం తొక్కుమన్నది గని, నడిమిట్ల నిలబడి ఉపన్యాసం ఇయ్యమన్నదా?

గా దినం ఊరంత నా నోట్లె మలీద ముద్దలు కుక్కిన్రు. రొట్టె బెల్లం కలిపి దంచిన మలీద, మీదికెళ్లి కుండలకు కుండలు బెల్లం షర్బతు. షుగర్ ఉన్నది గద అని ఒక్కరంటే ఒక్కరు అనలే. అన్నా, ప్రసాదానికి షుగర్ ఉంటదా అనేటోణ్ణే నేను. ఇంటికొచ్చి కూసుంటే నీలమ్మ గచ్చు దిక్కు చూసింది. వాకిట్లకెళ్లి మంచం దాక తడి అడుగులు. షర్బతు కాళ్ల మీద ఒలికినట్టున్నది అన్న. జరసేపటికి గా అడుగులకు చీమలు పట్టినయి, అడుగు అడుగుకు ఒక దండు. చూసినవా, పీరెత్తిన పాదాలకు చీమలు సుత మొక్కుతున్నయి అన్న.  నీలమ్మ వంగి నా పాదం తిప్పి చూసింది, తోలు ఊడి నీరు కారుతున్నది. ఆమె మొఖం ఇంకా నా కండ్లల్లనే ఉన్నది.

నీకు బొబ్బలు లేచినయి, ఇంత మందు పూసుకున్నవ్, మానినయి. నాకు ఎడమది ఎట్లనో మానింది. కుడిది మానలే. తీపి నెత్తుట్ల పుండు మానదట, చీముకు అదే పండుగట. దవాఖానకు పోదాం అని నీలమ్మ ఏడిస్తే, నేను వాకిట్ల కూసొని వచ్చిపోయేటోళ్లకు పుండు చూపిచ్చి, పీరు ముద్రేసింది అని చెప్పిన. ముద్ర నల్లబడ్డది. వేలు పోయింది. ఇగ గిది.

నా కాలు పోతే పోనియ్యి. దాని కోసం నిన్ను పిలువలే.

దేవేందర్. వాని కోసం పిలిచిన.

ఈ యేడు పీరు వాడు ఎత్తుతడట. మొక్కుకున్నడట. ఇగ నెల పొడుస్తే పండుగే. మొన్న నా మంచం కాడ కూసున్నడు, మొఖం వెలిగిపోతున్నది. 'బాపు, నాకు గూడ వచ్చింది' అన్నడు. ఏమొచ్చిందిరా అన్న. మహేశ్వరం కాడ ప్లాట్ల సైట్ల సూపర్‌వైజర్ గద వాడు, పొదలు కొట్టి కాలబెట్టిచ్చిండట. చూడకుంట నిప్పుల మీద కాలేసిండట. 'సెగ తగల్లే బాపు. జర సుత తగల్లే. నీ తర్వాత పీరు నన్నే పట్టింది' అన్నడు.

వానికి షుగరున్నదని ఎన్నడో తేలింది బావ. గోలీలు జేబుల పెట్టుకుంటడు, మింగడు. నాకు నీ లెక్క ఉక్కు ఒళ్లు బాపు, గోలీలెందుకు అంటడు. ఉక్కు ఒళ్లట. గా మాట వానికి ఎవడు నేర్పిండో నీకు తెల్సు.

నేను చెప్పలేదనుకుంటున్నవా? చెప్పిన. దుప్పటి తీసి చూపిచ్చి చెప్పిన. అరేయ్, అది పీరు కాదురా, షుగరు, నరాలు సచ్చినయిరా, నా కాలు చూడు అన్న. వాడు నవ్విండు. 'నువ్వేదో మొక్కు తప్పినవ్ బాపు, అందుకే గిట్లయింది. ఇగ నేనెత్తుతుంటే నీకు కడుపుల మండుతున్నది' అన్నడు. డాక్టరమ్మతోని చెప్పిచ్చిన. ఆమెకు పీర్ల సంగతేం తెల్సు అన్నడు. హారన్ తోని బండి ఆపిన అంటే నమ్మిండు. ఒంటికాలోనికి చెప్పు దానం చేసిన అంటే ఇయ్యాల్టికి నమ్ముతడు, పదిమందికి చెప్తడు. పుట్టి బుద్ధెరిగినంక వానికి నేను చెప్పిన ఒకే ఒక్క నిజం, గది మాత్రం నమ్మడు.

నువ్వు చెప్తవా? చెప్పి చూడు. పోయినేడు నవ్వులపాలైన పగ తీర్చుకుంటున్నవ్ మామా అంటడు. గుండం సంగతి తెల్సినోళ్లం ఇద్దరమే ఉన్నం. ఒకడు అబద్ధాలోడు, ఒకడు మైలోడు. రెండు పేర్లు పెట్టింది నేనే.

మరి నన్నెందుకు పిలిచినవ్ అంటున్నవ్. నాకు తెల్వదు బావ. పొద్దటి సంది గదే ఆలోచిస్తున్న. గుండంల నిలబడతడు వాడు. ఉరుకడు. నేను నిలబడ్డ అని వాడు నాకంటె ఎక్కువ సేపు నిలబడతడు. నా కొడుకు గద.

ఆగు. గేటు కాడ చూడు. వస్తున్నడు.

చాయ్ కప్పులు పట్టుకొని ఎట్ల వస్తున్నడో చూడు, ఊరేగింపుల పెండ్లికొడుకు లెక్క. గా సిమెంటు ఎండకు పెనం లెక్క కాగుతున్నది, గా కుక్క సుత నీడ ఎంట నీడకు దుంకుతున్నది. వీడు చూడు, ఎంత తీరుబాటుగ నడుస్తున్నడో.

బావ. వాని కాళ్ల దిక్కు చూడు.

నా కండ్లకు గూడ మసక కమ్మింది గీ రోగంతోని, నువ్వు సక్కగ చూసి చెప్పు. కుడి కాలికి చెప్పున్నది. ఎడమ కాలికి?

ఊకో. ఏం అనకు. నేనడిగితే బాపు మళ్ల కథ మొదలుపెట్టిండంటడు. నువ్వు లే. లేచి ఎదురుగ పో, చాయ్ అందుకో. షుగర్ అనకు, పీరు అనకు, నా పేరు సుత ఎత్తకు. 'అల్లుడా, రెండో చెప్పేదిరా' అని అడుగు. గంతే. వాణ్ణి కిందికి చూడనియ్యి. ఎంత సేపు చూస్తే అంత సేపు చూడనియ్యి, నువ్వు నోరు తెరవకు.

ఇగో, సిస్టరమ్మ సుత పిలుస్తున్నది. పో బావ.

ఒకవేళ, ఎవనికో దానం చేసిన మామా అని నవ్విండనుకో, ఇగ ఏం అడగకు. వెనక్కొచ్చి గీ కుర్చీని లోపలికి తోసెయ్.